నేను ఆపించిన బిళ్ల

నా పెద్దకూతురు పోయింది. వినాయక చవితి వెళ్లిన మూడో రోజు ఉదయం, పోర్ట్ బ్లెయిర్ బతు బస్తీలో మా ఇంట్లోనే, నా చేత్తో పోసిన మంచినీళ్లు ఒక గుటక వేసి, రెండో గుటక వేయకుండా పోయింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఆ మధ్యాహ్నమే మన సంఘం బోర్డు మీద సుద్దముక్కతో రాశారు, స్వల్ప అనారోగ్యంతో స్వర్గస్థురాలైందని.

స్వల్పమట! నాలుగేళ్లు పట్టిన చావు. కోతా, సూదులూ, ఊడిన జుట్టూ, చివరి రెండు నెలలు పక్క మీద ఒత్తిగిలితే ఎముక విరుగుతుందేమోనన్న భయం, ఇదంతా స్వల్పం. అలా రాసిన అబ్బాయిని పిలిచి అడిగాను. చెడ్డవాడు కాదు. "మరేటి రాయమంటావు పిన్నీ? ఆడోళ్ల ఇసయం. బోర్డు మీద అందరూ సదువుతారు" అన్నాడు. అందరూ చదవడానికే కదా నాయనా బోర్డు పెట్టింది?

అందుకే ఇది నేను రాస్తున్నాను. నాకు ఐదో తరగతి దాకానే వచ్చు. తప్పులుంటే దిద్దుకోండి, మాటలు మాత్రం మార్చకండి. నా కూతురికి వచ్చింది రొమ్ము క్యాన్సర్. ఛాతీ నొప్పి కాదు, గ్యాస్ కాదు, దిష్టి కాదు. రొమ్ము. మీరందరూ తాగి పెరిగినదే, పేరు చెప్పడానికి ఎందుకంత సిగ్గు?

ఇంకొక మాట కూడా ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచి మిమ్మల్ని ఏడిపించడం నాకు ఇష్టం లేదు. ఆ జబ్బు తిరిగి రాకుండా డాక్టర్లు ఇచ్చిన బిళ్లని ఆపించింది నేను.

నా కూతురు చేపలమ్మేది. బస్తీ మార్కెట్లో మెట్ల పక్కన మూడో అరుగు దానిది. మా నాన్న కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి ఈ అండమాన్ దీవికి వచ్చినప్పుడు నేను చంకలో పిల్లని. అది మాత్రం ఇక్కడే పుట్టింది. నేను హిందీని మార్కెట్లో తిట్లు తిని నేర్చుకున్నాను, అది బళ్లో నేర్చుకుంది. బేరానికి వచ్చినవాళ్లు చేప తాజాదేనా అని సణిగితే, "ఆంఖ్ దేఖో దీదీ. మేరీ నహీ, మచ్ఛీ కీ" అనేది. కళ్లు చూడు, నావి కాదు, చేపవి అని. వాళ్లు నవ్వుతూ సంచీ చాపేవాళ్లు.

ప్రతి చేపనీ బొటనవేలితో ఒకసారి నొక్కేది. నొక్కిన కండ వెంటనే పైకి లేస్తే అమ్మకానికి, లేవకపోతే ఉప్పులోకి. వంజరమైనా కానాగంతలైనా అంతే. మొగుడు తెచ్చినదైనా సరే వదిలేది కాదు. "ఇది నిన్నటిది బావా, నీ మొకంలాగే వాడిపోనాది" అని పదిమందిలో పక్కన పడేసేది. మా అల్లుడు నా అన్న కొడుకే. బోటు మీద వేటకి పోతాడు, ఎక్కువ మాట్లాడడు. అది తిడితే తల దించుకుని నవ్వుకునేవాడు.

అలాంటి వేలికి ఒకరోజు తన కుడి రొమ్ములో గడ్డ తగిలింది. వచ్చి నాకు చెప్పింది. నేనేం చేశాను?

మన ఇళ్లలో ఆడదానికి ఈ సంగతి ఎవరూ చెప్పరు, చూసి తెలుసుకోవడమే. నెల దగ్గర పడే కొద్దీ రొమ్ములు బరువెక్కుతాయి, రవిక తగిలినా నొప్పి, చేత్తో తడిమితే ముద్దలు ముద్దలుగా ఉంటుంది. స్నానం అయ్యేసరికి అంతా దిగిపోతుంది. సముద్రానికి పోటూ పాటూ ఉన్నట్టే ఆడదానికీ ఉందని మా అమ్మ అనేది. ఆ మాట అబద్ధం కాదు. నాకూ అలాగే అయింది, నా ఇద్దరు కూతుళ్లకీ అలాగే అయింది. అందుకే ధైర్యంగా చెప్పాను.

"డేట్‌కి ముందర అందరికీ ఉంటాదే. తానం అయినాక సూడు."

స్నానం అయింది. తగ్గలేదు. ఇంకో స్నానం చూడమన్నాను. అదీ అయింది. నొప్పి ఉందా అంటే లేదంది. నొప్పి లేకపోతే భయమేముంది అన్నాను. అప్పుడది చేపల బుట్ట నెత్తికెత్తుకుంటూ నా వైపు చూసి, "సెడిపోయిన సోట సేపక్కూడా నొప్పుండదమ్మా" అంది. నేను విసుక్కున్నాను. పొద్దున్నే అపశకునం మాటలెందుకు అన్నాను. అలా ఐదు స్నానాలు చూశాం. అయిదు నెలలు. స్నానంతో దిగిపోయేది పోటు. పోటు దిగినా కదలనిది రాయి. ఆ తేడా చెప్పడానికి ఈ ఊళ్లో ఒక్క ఆడదానికి నోరు రాలేదు, నాతో సహా.

ఆ రొమ్ము గురించి ఇంకొకటి రాయాలి. అది ముగ్గురు పిల్లలకి పాలిచ్చింది. ఇద్దరు తన పిల్లలు. మూడో బిడ్డ పక్కింటివాళ్లది. బాలింతకి విషజ్వరం వచ్చి ఆసుపత్రిలో పెడితే, ఆ పసిదాన్ని పదకొండు రోజులు తన పిల్లతో పాటు అటొకరూ ఇటొకరుగా పెట్టుకుని సాకింది. "హోటల్ తెరిసినాను, రండి రండి" అనేది. తర్వాత చిన్నదానికి పాలు మాన్పించాలన్నప్పుడు మన పద్ధతిలోనే మల్లెపూలు రొమ్ముకి కట్టాను. మూడు రోజుల్లో పాలు ఇంకిపోయాయి. పూలు కడితే ఆగే పాలని చూసినదాన్ని. బిడ్డ ఏడుపు పక్కగదిలో వినిపిస్తే రవిక తడిసిపోవడం చూసినదాన్ని. రొమ్ము ఉట్టి కండ కాదు, ఒంట్లో నుంచి దానికేదో కబురు అందుతుందని నాకు ఆపాటి తెలియదా? తెలుసు. ఆలోచించలేదు.

పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేసి విశాఖ వెళ్లమన్నారు. ఓడలో వెళ్లాం. రొమ్ము తీసేశారు, మందులెక్కించారు, జుట్టంతా పోయింది. మా ఆయన పాత టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుని, "అచ్చం నాన్నలాగున్నాను, మీసం ఒక్కటే తక్కువ" అని నవ్వింది. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. నేనూ నవ్వాను. అంత నొప్పిలో మనల్ని నవ్వించాలన్న బుద్ధి దానికెక్కడి నుంచి వచ్చిందో.

అక్కడి నుంచి పంపేటప్పుడు పెద్ద డాక్టరు చీటీ మా అల్లుడి చేతికిచ్చి, "రోజుకొకటి. అయిదేళ్లు. ఆపకూడదు" అన్నాడు. తల ఎత్తి నా కూతురి ముఖం చూడలేదు. బిళ్ల ఎందుకో, ఏం చేస్తుందో ఒక్క ముక్క చెప్పలేదు. వెనకాల ఇంకా నలభై మంది కూర్చున్నారు, నిజమే. కానీ నా కూతురు కూడా మనిషే కదా? మేం దాన్ని బలం బిళ్ల అనుకున్నాం.

బలం బిళ్ల అయితే ఒళ్లెందుకు మండుతుంది? చేపలమ్ముతూ ఉన్నట్టుండి ముఖమంతా ఎర్రబడి చెమటలు కారిపోయేవి. చేపల పెట్టెలో ఐసుముక్క తీసి మెడ మీద పెట్టుకుని, "నాను కూడా ఐసులో ఉంటేనే తాజా" అనేది కొనేవాళ్లతో. నిద్ర పట్టేది కాదు. నెలసరి రెండు నెలలు రాదు, మూడో నెల చెప్పాపెట్టకుండా వచ్చేస్తుంది.

ఇక్కడే మన సంగతి చెప్పాలి. కొత్త బోటు మొదటిసారి నీళ్లలోకి దిగేటప్పుడు బోటు గలవాడి పెళ్లాం దాని ముక్కు కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టాలి. బయట ఉన్నప్పుడు ఆ ఇసక మీద కాలు పెట్టకూడదు. అందుకని మన బస్తీలో ఆడవాళ్లు చేసే పని అందరికీ తెలుసు, ఎవరూ రాయరు. మెడికల్ షాపులో డేట్ ఆపే బిళ్లలు తెచ్చుకుని మింగుతారు. గంగమ్మ పండగకి, దసరాకి, పెళ్లికి, నోముకి. నేను వారానికొకసారి ఎండుచేపలు వేసుకుని అబర్డీన్ బజార్ వెళ్తాను కాబట్టి అందరూ నాకే చెప్పేవారు. షాపువాడు తల ఎత్తకుండా, "కిత్నే పత్తే, అమ్మా?" అనేవాడు. ఎన్ని పత్తాలు, అంటే ఎన్ని బిళ్లల అట్టలు కావాలి, అంతే. ఎవరికి, ఆమెకి ఏం జబ్బుంది, ఎన్నడూ అడగలేదు. నేను చెప్పలేదు. ఎంతమంది చేతుల్లో పెట్టానో ఆ బిళ్లలు! మంచిపని చేస్తున్నాననుకున్నాను.

అల్లుడు కొత్త బోటు చేయించాడు. దించే రోజు పెట్టుకున్నారు. నా కూతురి నెలసరికి అదుపు లేదు, ఆ రోజే వస్తే? నేను పత్తా పట్టుకెళ్లాను.

"డాక్టరు ఇంకేటీ ఏసుకోవద్దన్నాడేమోనమ్మా. అడిగి సూద్దాం."

"పది రోజులకి అడగడమేటి? ఆ రోజూ ఏసుకునే బిళ్ల ఈ పది రోజులు ఆపీ. రెండూ కలిపి మింగితే ఒళ్లు కాలిపోద్ది."

"గంగమ్మకి నా డేట్‌తో పనేటమ్మా? నీళ్లలో పడితే అది సూసే ముంచుతాదేటి?"

"ఆ నోటితోనే నీకు ఈ రోగం" అన్నాను నేను.

అన్నాను ఆ మాట. ఇప్పుడు నా నోటిని ఏం చేసుకోను? అది పత్తా తీసుకుంది. బోటు దించిన రోజు ఎర్ర చీర కట్టుకుని, ఒకే చేత్తో బోటు ముక్కు అంతా పసుపు రాసింది. రెండో చెయ్యి ఆపరేషను వైపుది, పైకి లేచేది కాదు. అందరూ దాని ముఖంలో కళ వచ్చిందన్నారు.

కళ వచ్చిన మాట నిజం. రోజు బిళ్ల ఆపిన కొన్నాళ్లకి ఆవిర్లు పోయాయి, నిద్ర పట్టింది. పది రోజులు నెలయింది. మళ్లీ మొదలెడతానంటే, "బాగున్న ఒంటికి మందేటి?" అన్నాను. దానికీ ఆపితే బాగుందనిపించింది, అదీ ఒప్పుకుంటాను. కానీ నేను ఒక్కసారి వేసుకోమంటే వేసుకునేది. పత్తాలన్నీ దేవుడి గూట్లో పటాల వెనక పెట్టాను. తొమ్మిది నెలలు అక్కడే ఉన్నాయి.

తర్వాత నడుం నొప్పి అంది. బుట్ట మోసిన నొప్పి అన్నాను. నూనె కాచి రాశాను. ఒకరోజు అరుగు మీద నుంచి లేవలేకపోయింది. మళ్లీ ఓడ, మళ్లీ విశాఖ. ఎముకల్లోకి వచ్చిందన్నారు.

ఈసారి చూసిన డాక్టరమ్మ చిన్నపిల్ల. కుర్చీ మా వైపు జరుపుకుని, మందులు ఏమేం వాడారో అన్నీ అడిగింది. నేను డేట్ బిళ్లలతో సహా చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది. తర్వాత చెప్పింది, అన్నాళ్లూ ఎవరూ చెప్పనిది, నాకు అర్థమయ్యేట్టు.

ఆడదాని అండాశయంలో హార్మోన్లు ఊరతాయట. రక్తంలో కలిసి రొమ్ముకి వస్తాయి. కడుపు పండుతుందేమోనని రొమ్ము ప్రతి నెలా సిద్ధపడుతుంది. నీరు పడుతుంది, పాలగొట్టాలు పెరుగుతాయి, ముద్దలుగా తగులుతుంది. బిడ్డ లేకపోతే హార్మోను తగ్గుతుంది, రొమ్మూ తగ్గుతుంది. మంచి రొమ్ముకి ఎక్కడ ఆగాలో తెలుసు. ఈ రకం క్యాన్సరుకి తెలియదు. అవే హార్మోన్లు వచ్చి తగులుకుంటే అది ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. అన్ని రొమ్ము క్యాన్సర్లూ ఇలాంటివి కావు, నా కూతురిది ఇలాంటిది. కోసిన ముక్క పరీక్ష చేసిన మొదటి కాగితంలోనే ఆ సంగతి ఉందట. ఇంగ్లీషులో.

"మీకు బోటుంది కదా" అంది నా కూతురితో. "జెట్టీలో బోటు కట్టే చోట ముందే ఇంకో బోటు కట్టేసి ఉంటే, వచ్చిన బోటు ఏం చేస్తుంది?"

"ఎనక్కి ఎల్లిపోద్ది" అంది నా కూతురు.

"మీ రోజు బిళ్ల పని అదే. హార్మోను వచ్చి కట్టుకోకుండా, ఆ చోట్లో తాను కూర్చుంటుంది."

నేను ఆ జెట్టీ ఖాళీ చేయించాను. పైగా డేట్ ఆపే బిళ్ల కూడా హార్మోనేనట. రావద్దన్నదాన్ని నేనే బజార్లో కొని తెచ్చి నోట్లో వేశాను.

"నా వల్లే తిరగబెట్టిందా అమ్మా?" అని అడిగాను.

"ఆ పది రోజుల బిళ్ల వల్లేనని నేను చెప్పలేను. సరిగ్గా వేసుకున్నా కొందరికి తిరిగి వస్తుంది. కానీ ఈ జబ్బున్న మనిషికి అది ఇవ్వకూడదు. రోజు బిళ్ల ఆపకుండా ఉండాల్సింది."

"ఈ మాట మొదటిసారే ఎవులూ సెప్పలేదేం? జెట్టీ, బోటు, ఎంతసేపు పట్టింది నీకు సెప్పడానికి?" అని అరిచేశాను. బయట కూర్చున్నవాళ్లు తొంగి చూశారు. ఆ పిల్ల తల దించుకుని, "చెప్పాల్సిందమ్మా" అంది. తప్పు చేయని మనిషి తల దించింది. దించాల్సినవాళ్లు ఎవరూ అక్కడ లేరు.

నా కోపం ఎవరి మీదో నాకే తెలియడం లేదు. తల ఎత్తని డాక్టరు మీద, తల ఎత్తని షాపువాడి మీద. ఆడదాని నెలసరికి జడిసే బోటు మీద. స్వల్పమని రాసిన సుద్దముక్క మీద. అందరి మీదా తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది. అయినా ఒకటి అడుగుతాను. ఐదో తరగతి చదివిన ముసలిదానికి ఇది తెలియకపోవడం నా తప్పు సరే, తెలిసినవాళ్లు చెప్పకపోవడం ఎవరి తప్పు?

తిరిగి వచ్చే ఓడలో రెండో రోజు సాయంత్రం డెక్ మీద కూర్చోబెట్టమంది. అల్లుడు టీ తేవడానికి వెళ్లాడు. అప్పుడంది.

"అమ్మా, బిళ్ల నువ్వే ఆపించావని బస్తీలో ఎవులికీ సెప్పకు."

"ఎందుకే?"

"నాను ఎల్లిపోతాను. నువ్వు ఆళ్ల మజ్జిని బతకాల."

నేను ఒట్టు వేశాను. వేయకపోతే టీ తాగనంది, మొండిది. దాని మీద కూడా నాకు కోపమే. చావబోతూ కూడా నన్నే కాచుకోవాలా? నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకు కొంచెం బరువు తగ్గేది కదా.

రోజు బిళ్లకి బదులు వేరే మందులిచ్చారు, కొన్ని నెలలు పనిచేశాయి. ఆ నెలల్లో మంచం మీద నుంచే పిల్లలకి చేప నొక్కి చూడడం నేర్పింది. నేను కూర వండితే ఆవిరి వాసన చూసి, "ఉప్పు సాల్లేదు" అనేది, ఎప్పుడూ నిజమే. తీసేసిన వైపు మచ్చ తోమి స్నానం చేయించేటప్పుడు నా చెయ్యి ఆగిపోతే, "తోమూ, అక్కడేటీ లేదుగా భయపడ్డానికి" అనేది.

పెద్దకర్మ అయిన మర్నాడు మా వీధి కుళాయికి నీళ్లొచ్చాయి. మూడు రోజులకొకసారి, గంటసేపు. ఆడవాళ్లందరూ వరసలో ఉన్నారు. నా బిందె చూసి ముందుకు జరగమన్నారు. ఒకామె, "ఊరుకో పిన్నీ, దేవుడు అంతే రాసాడు" అంది. ఇంకొకామె మెల్లిగా, "దసరాల్లో కుంకుమ పూజ ఒప్పుకున్నాను పిన్నీ, బజారెల్తే ఒక పత్తా డేట్ బిళ్లలు తెచ్చీ" అంది.

ఆమె తప్పేం లేదు. నేను అలవాటు చేసిందే. కానీ నాకు ఒళ్లంతా మండిపోయింది.

"దేవుడు రాయలేదు" అన్నాను. "దాని మందు నాను ఆపించాను. మీ అందరికీ తెచ్చిన బిళ్లే తెచ్చి దానికి మింగించాను. రొమ్ములో గడ్డుందంటే అయిదు నెలలు తానాలు లెక్కెట్టించాను. ఆ బిళ్లలు ఇంక నా సేత్తో తేను. మీరూ డాక్టర్ని అడక్కుండా మింగకండి."

"మెల్లిగా పిన్నీ, మొగోళ్లు ఇంటారు" అని ఎవరో చెయ్యి పట్టుకున్నారు.

"ఇననీ!"

మా వెనకింటివాళ్ల కోడలు అప్పుడే కుళాయి కింద బకెట్టు పెట్టింది. పాతికేళ్లుంటాయి. నిటారుగా లేచి నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి తీసుకుని కొంగు కింద తన ఎడమ రొమ్ము పక్కన పెట్టుకుంది, అందరి ముందూ.

"మూడు తానాలయిపోనాయి పిన్నీ. తగ్గలేదు."

నా వేళ్లకి తగిలింది. ఏమిటో నాకు తెలియదు. నాకు తెలియదని ఇప్పుడు నాకు తెలుసు.

"నడు. ఆసుపత్రికి."

"నీళ్లు పట్టుకుని వత్తాను పిన్నీ."

"నీళ్లు ఎవులైనా పడతారు, నడు."

ఎవరూ పట్టలేదు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. బిందెలు చంకన పెట్టుకుని అందరూ మా వైపే చూస్తూ నిలబడిపోయారు. ఆమె బకెట్టు నిండి పొర్లిపోతోంది. నీళ్లు మెట్లు దిగి, రోడ్డు మీదికి వచ్చి, మా కాళ్ల వైపు పారుతున్నాయి. అంత కరువు నీళ్లు. కుళాయి కట్టేయడానికి ఒక్క చెయ్యి కూడా లేవలేదు.